మన ఫొటోలకు అద్దె ఎందుకు?

ఫోన్లో వేల ఫొటోలు... గోడమీద ఒక్కటీ లేదు! వాటిలో ఓ యాభై ఏరి, అందంగా పేజీలు కూర్చి, పక్కన నాలుగు ముక్కలు రాసి దాచుకుందామంటే సాఫ్ట్‌వేర్ నెలనెలా డబ్బులడుగుతుంది. పైసా ఖర్చు లేకుండా ఇంట్లో ఉన్న కంప్యూటర్‌తోనే ఆ పని చేసుకునే దారులు చాలానే ఉన్నాయి. భీమిలిలో ఓ ఆల్బమ్ అలాగే తయారైంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. భీమునిపట్నంలో మా మేనత్త వాళ్ల పెంకుటింటి మీద సగం పెంకులు లేచిపోయాయి. వాన వెలిశాక చూస్తే బియ్యం డబ్బా బాగానే ఉంది, బీరువా బాగానే ఉంది. మంచం కింద ట్రంకు పెట్టెలోని ఆల్బములు మాత్రం ముద్దయిపోయాయి. కంగారులో అత్త అతుక్కున్న ఫొటోలను ఒక్కొక్కటే లాగింది. కొన్నిటికి చీర వచ్చింది, మొహం రాలేదు.

చివరికి మిగిలినవి అరవై చిల్లర. వాటికి ఫోన్లలో ఉన్న కొత్త ఫొటోలు కలిపి నాన్నమ్మ డెబ్భయ్యో పుట్టినరోజుకి ఓ పుస్తకం చేద్దామని మనవరాలు పూనుకుంది. ఇంటర్నెట్లో వెతికి, ఏడు రోజులు ఉచితమన్న ఓ సాఫ్ట్‌వేర్ దించుకుంది. రాత్రుళ్లు కూర్చుని పదకొండు పేజీలు చేసింది. ఎనిమిదో రోజు తెరిస్తే పేజీలు లేవు, కార్డు నంబరు అడిగే పెట్టె ఒకటి కనిపించింది. నెలకింత కడితేనే లోపలికి రానిస్తుందట!

అత్తకు విషయం చెబితే ఒకటే మాటంది. ‘‘ఇదేటి, మన ఫొటోలకి మనం అద్దె కట్టడమేటి?’’

నల్ల అట్టల నుంచి...

స్క్రాప్‌బుక్ అంటే కొత్త మాటలా ఉంటుందిగానీ మన ఇళ్లలో అది ఎప్పట్నుంచో ఉంది. నల్ల అట్టల ఆల్బమ్, ఫొటో నాలుగు మూలలా అతికించే చిన్న కాగితపు మూలలు, పేజీకీ పేజీకీ మధ్య సాలెగూడు గీతలున్న పల్చటి కాగితం. ఫొటో వెనక పెన్సిల్‌తో తేదీ. మధ్యలో ఎక్కడో శుభలేఖ ముక్క, ఓ రైలు టిక్కెట్టు. ఫొటోకి కథ తోడైతే స్క్రాప్‌బుక్. అదే పని కంప్యూటర్లో చేస్తే డిజిటల్ స్క్రాప్‌బుక్.

ఇంకా దగ్గరి చుట్టం కరిజ్మా ఆల్బమ్. 12 అంగుళాల ఎత్తు, విప్పితే 36 అంగుళాల వెడల్పు. పెళ్లికూతురు మబ్బుల్లో తేలుతుంటుంది, వెనక ఎవరూ చూడని మంచుకొండలు, గుండె బొమ్మలో పెళ్లికొడుకు! నవ్వుకుంటాంగానీ దాని వెనక పనితనం తక్కువేం కాదు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, అడుగున నేపథ్యం, దానిమీద ఫొటో, ఆపైన ఫ్రేము, అన్నిటికన్నా పైన అక్షరాలు. ఒక కాగితాన్ని కదిపితే మిగతావి కదలవు. వీటినే లేయర్లు అంటారు. లేయర్లు ఉంటే చాలు, స్క్రాప్‌బుక్‌కి కావలసిన సాఫ్ట్‌వేర్ దొరికినట్టే. వందల హంగులు మనకు అక్కర్లేదు.

కొనుక్కునేది కాస్తా అద్దెకు

ఈ రంగంలో పెద్దన్న ఫొటోషాప్. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేస్తే అడోబీ సంస్థ 1990లో మార్కెట్లోకి తెచ్చింది. మొదట్లో ఒకసారి డబ్బు పెట్టి కొంటే అది మనదే. 2012లో వచ్చిన సీఎస్6 అలా అమ్మిన చివరి రకం. 2013 నుంచి కొత్తవన్నీ చందా పద్ధతిలోకి మారాయి. రోజంతా దానిమీదే పనిచేసే స్టుడియో వాళ్లకు ఆ చందా గిట్టుబాటే. ఏడాదికి ఒక పుట్టినరోజు, ఒక పిక్నిక్కు పేజీలు చేసుకునే ఇంటికి మాత్రం, ఎక్కని బస్సుకు పాసు కొన్నట్టు. ఇళ్లకోసమే తెచ్చిన ఫొటోషాప్ ఎలిమెంట్స్‌ను కూడా 2025 వెర్షన్‌తో మూడేళ్ల గడువులో పెట్టారు.

‘ఎవరో ఒకరి దగ్గర పెన్‌డ్రైవ్‌లో దొరుకుతుందిగా’ అంటారు కొందరు. దొంగ కాపీ అని తెలిసీ వాడితే మన కాపీరైటు చట్టంలోని 63బీ సెక్షను కింద నేరం. పైగా ఆ కాపీలతోపాటు వైరస్‌లు కూడా వస్తుంటాయి. ఫొటోలు కాపాడుకోవడానికి మొదలుపెట్టిన పనిలో ఉన్న ఫొటోలే పోతే?

పైసా లేకుండా...

మనవరాలి పదకొండు పేజీలు ఏమయ్యాయి? అదృష్టం, అవి పీఎస్‌డీ రకం ఫైళ్లు, ఆమె కంప్యూటర్లోనే ఉన్నాయి. తాళం పడింది సాఫ్ట్‌వేర్‌కేగానీ ఫైళ్లకు కాదు. వాటిని ఫొటోపియాలో తెరిస్తే లేయర్లన్నీ చెక్కుచెదరకుండా వచ్చేశాయి.

ఇవాన్ కుట్స్‌కిర్ అనే ప్రోగ్రామర్ 2013లో జనంముందు పెట్టిన ఈ ఫొటోపియాకు ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు. బ్రౌజర్లో తెరిస్తే చాలు. పక్కన ప్రకటనలు కనిపిస్తుంటాయి, అదే దాని సంపాదన. చూడ్డానికి అచ్చం ఫొటోషాప్‌లాగే ఉంటుంది. బ్రౌజర్లో కదా, మన ఫొటోలు ఎక్కడికో వెళ్లిపోతాయన్న భయం అక్కర్లేదు. పనంతా మన కంప్యూటర్లోనే జరుగుతుంది.

నా ఓటు మాత్రం గింప్‌కే. అమెరికాలోని బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టారు. దాని ప్రోగ్రామంతా బహిరంగం. ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. రేపు ఒకరు మానేసినా మరొకరు నడుపుతారు. 2025 మార్చిలో మూడో వెర్షన్ వచ్చింది. అయితే మొదటి వారం విసుగు పుట్టిస్తుంది, ముందే చెబుతున్నా. ఎక్కడ నొక్కాలో తెలియదు. ‘సేవ్’ అంటే ఎక్స్‌సీఎఫ్ అనే దాని సొంత రకంలోనే దాస్తుంది, జేపెగ్ కావాలంటే ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కాలి. ఈ ఒక్క ముక్క తెలియక వదిలేసిన వాళ్లెందరో!

బొమ్మలు గీసి పేజీల్లో పెట్టే సరదా ఉంటే క్రిత బాగుంటుంది. పాత విండోస్ కంప్యూటరైతే పెయింట్ డాట్ నెట్ తేలిగ్గా నడుస్తుంది. అఫినిటీ అని ఒకటుంది. ఇదివరకు ఒకసారి కొనుక్కునేవాళ్లు. 2024లో కాన్వా ఆ సంస్థను కొనేసింది. 2025 అక్టోబరు నుంచి ఉచితం చేసింది. కాన్వా ఖాతా తెరవాలి, ఏఐ హంగులకు మాత్రం చందా కట్టాలి. అన్నట్టు, ఆ కాన్వాకు బీజం పడింది కూడా ఆల్బముల దగ్గరే. మెలానీ పెర్కిన్స్, క్లిఫ్ ఓబ్రెక్ట్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2007లో బడిపిల్లల వార్షిక పుస్తకాలు తయారుచేసుకునే వ్యాపారంతో మొదలుపెట్టారు. కాన్వాలో పని సులువే. కాకపోతే పేజీలు ఉండేది వాళ్ల సర్వర్లో. కిరీటం గుర్తున్న బొమ్మ ముట్టుకుంటే మళ్లీ డబ్బే.

ఉచితమైనంత మాత్రాన కలకాలం ఉంటుందనీ లేదు. గూగుల్ వాళ్ల పికాసా గుర్తుందా? మన ఇళ్లలో ఫొటోలు సర్దుకోవడానికి అందరం వాడిందే. 2016లో ఆపేశారు. పికాసాలో చేసిన మార్పులు అసలు ఫొటోలో కాకుండా పక్కన వేరే ఫైల్లో ఉండేవి. సేవ్ చేసుకోని వాళ్లకు ఆ మార్పులు వేరే సాఫ్ట్‌వేర్లో కనిపించనే కనిపించవు.

ఓ పేజీ చేద్దాం రండి!

ముందు కొలత. స్క్రాప్‌బుక్ పేజీకి 12 అంగుళాల చదరం బాగా అలవాటైన సైజు. అంగుళానికి 300 చుక్కలు లెక్కేస్తే 3600 పిక్సెళ్లు అడ్డం, 3600 నిలువు. గింప్‌లో కొత్త పేజీ తెరిచేటప్పుడే ఈ అంకెలు ఇవ్వండి. తరవాత పెంచితే మసకబారుతుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో చాలాసార్లు 1600 పిక్సెళ్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే పేజీలో అయిదు అంగుళాలకు మించి పెద్దది చేయలేం. చుట్టాల్ని అడిగేటప్పుడు ‘డాక్యుమెంటుగా పంపండి’ అనండి, అసలు సైజులో వస్తుంది.

పాత ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేయాలి. అప్పుడు నాలుగు బై ఆరు ఫొటో ఎనిమిది బై పన్నెండు అచ్చుకు కూడా సరిపోతుంది. అద్దానికి అతుక్కున్న ఫొటోను మా అత్తలా లాగకండి, అద్దంతో సహా స్కాన్ చేయండి. తడిసినవైతే శుభ్రమైన నీళ్లలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి ఉండేలా విడివిడిగా పరిచి గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెట్టొద్దు. స్కాన్ చేశాక మరకలూ గీతలూ తుడవడానికి గింప్‌లో ‘హీల్’ అనే పనిముట్టుంది. పక్కనున్న మంచి భాగాన్ని తెచ్చి మచ్చమీద కప్పుతుంది. గోడమీద, చీరమీద మచ్చలకు అద్భుతం. మొహాల దగ్గర మాత్రం చెయ్యి తగ్గించండి. పోయిన కన్ను కొత్తగా పుట్టిస్తే అది మన తాతయ్య కన్ను కాదు కదా!

ఇక నేపథ్యం. ఇంటర్నెట్లో ‘డిజిటల్ పేపర్’ పేరుతో అమ్ముతుంటారు. భీమిలి చుట్టూ అంత సరుకు పెట్టుకుని కొనడమెందుకు? ఎర్రమట్టి దిబ్బల మీద సాయంత్రం ఎండలో తీసిన ఒక్క ఫొటో చాలు, పేజీ మొత్తానికి కాగితమవుతుంది. (అది జాతీయ భౌగోళిక వారసత్వ స్థలం, ఫొటోనే తీయండి, మట్టి తేవద్దు.) ఒడ్డున ఆరేసిన వల, సరుగుడు చెట్ల నీడ, డచ్చివాళ్ల సమాధుల మీద పాచి పట్టిన ఇటుక, పొందూరు ఖద్దరు నేత, ఏటికొప్పాక లక్కబొమ్మ. ఒక్కొక్కటీ దగ్గర్నుంచి తీసి, అడుగు లేయర్లో పరిచి రంగు కాస్త పలచన చేస్తే చాలు. పైన ఫొటో పెట్టి ‘డ్రాప్ షాడో’ ఇస్తే నిజంగా అట్టమీద అతికించినట్టే నీడ పడుతుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట తీసిన ఫొటో ఉంటే, ఆ నీళ్ల రంగునే ఐడ్రాపర్‌తో తీసుకుని అక్షరాలకు వాడండి. ఎంత బాగా కలుస్తుందో చూడండి.

వత్తు ఎక్కడ పడిందో చూడండి

అక్షరాల దగ్గరే అసలు పరీక్ష. ఏ సాఫ్ట్‌వేరైనా సరే, దించుకోగానే ‘భీమునిపట్నం’ అని టైపు చేయండి. ట కింద న వత్తు సరిగ్గా కూర్చుంటే పాసు. ‘పట్’ ఒకచోట, ‘నం’ ఒకచోట విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రానట్టే. గింప్ ఈ పరీక్ష పాసవుతుంది. డబ్బు కట్టి వాడే పెద్ద సాఫ్ట్‌వేర్లోనూ సెట్టింగు మార్చకపోతే వత్తులు పక్కకొచ్చేస్తాయి, ఆశ్చర్యం!

ఫాంట్లకూ ఖర్చు లేదు. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సూరన్న, ధూర్జటి, పెద్దన, తెనాలి రామకృష్ణ... ఇలాంటి ఎన్నో యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. గిడుగు, గురజాడ పేర్లతో కూడా ఉన్నాయి. భీమిలి ఆల్బమ్‌లో రాతకు ఉత్తరాంధ్ర పెద్దల పేర్లున్న ఫాంటు కన్నా ఇంకేం కావాలి! యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అంతా గజిబిజి. ఫొటో కింద ‘బీచ్‌లో మేము’ లాంటి రాతలు వద్దు. ఎవరు, ఏ ఏడు, ఎవరు తీశారు, ఆరోజు ఏం తిన్నారు... అవి రాయండి.

పేజీలన్నీ అయ్యాక పుస్తకంగా కూర్చడానికి స్క్రైబస్ ఉంది, అదీ ఉచితమే. అంత నేర్చుకునే ఓపిక లేకపోతే లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో స్లైడు సైజును 12 బై 12 అంగుళాలు చేసి, ఒక్కో పేజీ అందులో పెట్టి పీడీఎఫ్ తీసుకోండి. పని అయిపోతుంది. అచ్చుకిచ్చే ముందు ల్యాబ్ వాళ్లకు ఏ రకం ఫైలు, అంచున ఎంత కోత పోతుంది అన్నవి అడగండి. మొహాలూ అక్షరాలూ అంచుకు అరంగుళం లోపలే ఉంచితే నిశ్చింత.

దాచడంలోనే చాలామంది దెబ్బతింటారు. మా బావ పెళ్లి ఆల్బమ్ ఇంకో కాపీ కావాలని ఏళ్ల తరవాత స్టుడియోకు వెళితే, హార్డ్‌డిస్కు పోయిందన్నారు. అప్పుడే అడిగి తెచ్చుకోకపోవడం మాదే తప్పు. ప్రతి పేజీకీ లేయర్లున్న ఫైలు ఒకటి, ఏ సాఫ్ట్‌వేరైనా తెరిచే టిఫ్ లేదా జేపెగ్ ఒకటి, రెండూ ఉంచుకోండి. జేపెగ్‌ను తెరిచి మార్చి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే నాణ్యత తగ్గిపోతుంది, మార్పులన్నీ లేయర్ల ఫైల్లోనే చేయండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో బీరువాలో, మరొకటి తుపానుకు అందని ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో. మా వాళ్లది హైదరాబాద్‌లో ఉంది.

ఇంతకీ అత్త పుస్తకం... ఇరవై నాలుగు పేజీలయింది. ఖర్చంతా అచ్చుకే. పుట్టినరోజునాడు చుట్టూ చేరి అందరం చూస్తుంటే, అత్త మూడో పేజీ దగ్గర ఆగి కళ్లజోడు సవరించుకుంది. లైట్‌హౌస్ ముందు సైకిలు పట్టుకుని నిలబడిన కుర్రాడి ఫొటో. కింద ‘తాతయ్య’ అని గిడుగు అక్షరాల్లో రాసి ఉంది.

‘‘ఇది మీ తాతయ్య కాదే! ఆయన తమ్ముడు. సైకిల్ మాత్రం తాతయ్యదే’’ అంది.

మనవరాలు అక్కడే లాప్‌టాప్ తీసి, గింప్‌లో ఆ పేజీ తెరిచి పేరు మార్చింది. సైకిల్ ఎవరిదో కూడా రాసింది.