చెట్టు కిందే అసలు రుచి!

తెల్లారకముందే మోకు భుజాన వేసుకుని, ముత్తాదు బిగించి గౌడన్న తాడెక్కుతాడు. లొట్టి దించుకొచ్చేసరికి మండువా దగ్గర నలుగురు చేరతారు. చేతుల్లో తాటాకు రేకలు, పక్కన ఉడికించిన గుడాలు. జనగామ పల్లెల్లో కొత్తవాళ్లకు వింతగా, ఊరివాళ్లకు మామూలుగా అనిపించే దృశ్యమిది.

వైన్ రుచంతా ద్రాక్షతోట నేలలో, ఆ ఏటి ఎండావానల్లో ఉంటుందంటారు ఫ్రాన్సు వాళ్లు. మన కల్లూ అంతే. రెండూ బట్టీ పెట్టి తీసే సారాలు కావు, పులిసి తయారయ్యేవే. తేడా ఒక్కటే... వైన్‌ని ఏళ్ల తరబడి దాచి ఖండాలు దాటించొచ్చు. కల్లు అలా కాదు. లొట్టిలో పడ్డప్పటి నుంచే పులుపెక్కుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది ఎండెక్కితే ఘాటవుతుంది. అందుకే దాని రుచి తెలియాలంటే చెట్టు దగ్గరికే వెళ్లాలి!

చెల్క నేల... జొన్న గట్క

జనగామ ఎర్రచెల్కలూ రాళ్లగుట్టల సీమ. వాన కోసం మొగులుకేసి చూసే నేల. అక్కడ నీళ్లు పెట్టకున్నా నిలబడేది తాడిచెట్టే. మగచెట్టు పోతుతాడు, ఆడచెట్టు పరుపుతాడు, ఆ తర్వాత పండుతాడు... ఒకదాని తర్వాత ఒకటి గీతకొస్తాయి. కంచంలోకీ వానాధార పంటలే వచ్చేవి. జొన్న గట్క, మక్క గట్క, పక్కన పచ్చిపులుసు. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్‌పై దాడి చేసిన సర్వాయి పాపన్న గీత కార్మిక కుటుంబంలో పుట్టినవాడే.

దేవాదుల పథకంతో గోదావరి నీళ్లు ఈ మెట్టకు ఎక్కాయి. చెల్కల్లో వరి పెరిగింది. గట్క తిన్న ఇంట్లోనే ఇప్పుడు మూడు పూటలా అన్నం. నీళ్లు మారితే కంచమూ మారుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఎండ పండించే ఎరుపు

తూర్పుకెళితే మహబూబాబాద్. బయ్యారం చెరువు కాకతీయుల కాలం నాటిది. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించింది. చెరువుల కింద వరి, మెట్టన మిరప. మిర్చికి పెరిగేటప్పుడు నీళ్లు కావాలి, కోశాక మాత్రం వాన పడకూడదు. చలికాలం చివరి నుంచి కాసే పొడి ఎండలే కల్లాల్లో కాయను ఆరబెడతాయి. అకాల వాన పడితే రంగు పోతుంది, ధరా పోతుంది. తండాల్లో జొన్నరొట్టెకు తోడు కారం ఉండాల్సిందే.

మిర్చిల్లోనూ తేడాలున్నాయి. వరంగల్, భూపాలపల్లి ప్రాంతాల్లో పండే చపాట మిర్చి టమాటాలా లావుగా ఉంటుంది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చళ్లకు పెట్టింది పేరు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ నేల రుచికి ప్రభుత్వం వేసిన ముద్ర అది.

అడవి ఇచ్చే తీపి

ఇంకా ఉత్తరానికి వెళితే భూపాలపల్లి అడవులు, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొనే గోదావరి. ఇక్కడ తీపి ఇప్పచెట్టుది. ఆకులు రాలే వేళ పూత వస్తుంది. రాత్రంతా రాలిన పూలను ఆదివాసీ మహిళలు తెల్లవారుజామునే ఏరుకుంటారు. ఎండబెట్టి దాచుకుంటే తిండి గింజలు నిండుకున్న రోజుల్లో ఆసరా. వండుకోవచ్చు, లడ్డూలు చేయొచ్చు. పువ్వుతో సారా, గింజతో నూనె. ఒక్క చెట్టు, ఎన్ని కడుపులు!

చెట్టు తెగితే...

పట్నం కల్లు కథ వేరు. చెట్టు లేదు, తాగేవాళ్లున్నారు. ఆ ఖాళీని మందులు నింపుతాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఊళ్లో గౌడన్నను పేరుపెట్టి అడగొచ్చు, ఏ చెట్టుదో చూడొచ్చు. సీసాలో నింపినదాన్ని ఎవరిని అడుగుతాం?

అలాగని ఆ చెట్టెక్కడం తేలిక కాదు. జారితే ప్రాణం పోతుంది, లేదా నడుం విరుగుతుంది. 2024లో ప్రభుత్వం ‘కాటమయ్య రక్ష’ పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా ఈ పనిలోకి రమ్మని కొడుకును పిలవడానికి ఏ తండ్రికైనా మనసొప్పుతుందా?

తాళ్లు నరికేస్తే మళ్లీ గీతకు రావడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది. ఎక్కేవాళ్లు పోతే ఆ విద్య తిరిగి రాదు. ఈ రెండూ ఉన్నన్నాళ్లే... ఈ నేలకు తనదైన రుచి!