పాలోడి పగ

దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. మనిషి కంటే ఎన్నో రెట్లు పొడుగు. ఒళ్లంతా మట్టి, మట్టి మీద రంగులు. ఉరిమి చూసే కళ్లు, మెలితిప్పిన మీసం, పక్కన గద. రాత్రంతా వీధినాటకం ఆడిన భీముడూ దుర్యోధనుడూ ముఖాల రంగు కడుక్కోకుండానే ఆ మైదానానికి వస్తారు. మట్టి మనిషి చుట్టూ ఒకరినొకరు తరుముకుంటారు, పద్యానికి పద్యం, మాటకు మాట. చివరికి భీముడి గద మట్టితొడ మీద పడుతుంది. లోపల దాచిన ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది వేషం కట్టినవాడు ఆ ఎరుపు తలకు పూసుకుని, అన్నాళ్లూ విరబోసుకున్న జుట్టు ముడేస్తాడు.

కార్వేటినగరం, పుత్తూరు, నగరి చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుడో, ధర్మరాజుల గుడో ఉన్న ఊళ్లకు ఇది కొత్త కాదు. జనం నోట దీని పేరు ఉత్తి 'భారతం'. పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసురుడికి బండెడు అన్నం, అర్జునుడు ఎక్కే తపస్సు మాను, దుర్యోధన వధ, ఆ సాయంత్రం నిప్పుల గుండం. సారంగపాణి పదాలకు పుట్టిల్లయిన సంస్థానం కార్వేటినగరం. పాతకాలం పాట, ఆట ఇక్కడి వాళ్లకు పుస్తకాల్లో చదివిన సంగతులు కావు.

ఈ ఆటలో నాకు ఎప్పుడూ విడ్డూరంగా తోచేది ఒకటుంది. చచ్చిన దుర్యోధనుణ్ణి ఎవరూ అసహ్యించుకోరు. కొన్నిచోట్ల వధ అయిపోయాక ఆ విగ్రహం మట్టి కోసం జనం ఎగబడతారు. పొలంలో చల్లితే పంట, ఇంట్లో పెట్టుకుంటే మేలు అని నమ్మకం. విలన్‌ని చంపి, పిడికెడు ఇంటికి తెచ్చుకునే ప్రేక్షకులు వీళ్లు. సినిమా విలన్లను తరాల వారీగా తూచాలంటే వీళ్ల తక్కెడ కంటే మంచిది నాకు దొరకలేదు.

తూచాల్సిన సరుకు సైన్స్ ఫిక్షన్ విలన్లు. హాలీవుడ్‌కు ఈ విషయంలో పెద్ద ఖాతా ఉంది. 'స్టార్ వార్స్' 1977 మే 25న మొదలై, అసలు కథలోని తొమ్మిదో సినిమా 2019లో వచ్చేసరికి తాత, కొడుకు, మనవడు అంటూ మూడు తరాలు నడిచింది. మనకు అలాంటి వరస సినిమా లేదని చాలామంది చిన్నబోతారు. ఎందుకో నాకు అర్థం కాదు. మన వరస సినిమాకు ముందు నుంచీ ఒకటే పేరు, భారతం. 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చి, కురుక్షేత్రం అయిపోయిన 6000 ఏళ్లకు కథ అందుకుని, ఆ సంగతి బాహాటంగా ఒప్పుకుంది, అంతే.

సంక్రాంతికి ఇద్దరు, వేసవికి ఒకడు

1977 జనవరి 14న తెలుగునాట ఇద్దరు దుర్యోధనులు ఒకేసారి దిగారు. 'కురుక్షేత్రం'లో కైకాల సత్యనారాయణ, 'దానవీరశూరకర్ణ'లో ఎన్టీఆర్. రెండో సినిమాలో ఎన్టీఆరే కర్ణుడు, ఎన్టీఆరే కృష్ణుడు, దర్శకుడూ ఆయనే. నిడివి దాదాపు నాలుగు గంటలు. కొండవీటి వెంకటకవి మాటలు రాశారు. ఆ మాటల్లో ఎక్కువ పదునైనవి ఎవరికి దక్కాయో అందరికీ తెలుసు. కులం అడ్డుపెట్టి కర్ణుణ్ణి వెనక్కి నెడుతున్న సభలో దుర్యోధనుడు లేచి గురువులను నిలదీసే ఘట్టాన్ని తర్వాతి తరం కుర్రాళ్లు స్కూలు వార్షికోత్సవాల్లో, పెళ్లిపందిళ్లలో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. ఈ విలన్‌కి భానుమతితో యుగళగీతం కూడా ఉంది. విలన్‌కి డ్యూయెట్ ఇచ్చి ఒప్పించిన ఘనత మనదే.

నాలుగు నెలలు గడిచాయి. అమెరికాలో నల్ల ముసుగు, నల్ల వస్త్రం, ఊపిరి చప్పుడుతో డార్త్ వేడర్ వచ్చాడు. ఒళ్లు డేవిడ్ ప్రౌజ్‌ది, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది, ఆ ఊపిరి నీళ్లలో ఈదేవాళ్లు వాడే శ్వాసపరికరం నుంచి బెన్ బర్ట్ పట్టుకొచ్చిన శబ్దం. చూడ్డానికి భయంగా ఉన్నాడు, నిజమే. కానీ ఆ మొదటి సినిమాలో అతనికి తెర మీద చుట్టమంటూ ఎవరూ లేరు. పెద్ద దొర కింద పనిచేసే సేనాపతి, అంతవరకే.

వేడర్‌కి ప్రాణం వచ్చింది 1980లో, రెండో సినిమాలో. చెయ్యి తెగి అంచున వేలాడుతున్న కుర్రాడితో నేను నీ తండ్రినని చెప్పిన క్షణంలో. ఆ గుట్టు బయటపడకూడదని చిత్రీకరణలో ప్రౌజ్‌కి వేరే డైలాగు ఇచ్చారు. అసలు సంగతి హీరో మార్క్ హామిల్‌కి షాట్‌కి కాస్త ముందు చెవిలో వేశారు. అసలు మాట తర్వాత జోన్స్ గొంతుతో డబ్బింగ్‌లో చేరింది. ఆ ఒక్క మాటతో అంతరిక్షంలో జరుగుతున్న యుద్ధం కాస్తా ఇంటి గొడవైంది. 1983లో కొడుకు తండ్రి ముసుగు తీస్తే లోపల ఉన్నది పాలిపోయిన ముసలి ముఖం. అన్నాళ్లు గగ్గోలు పెట్టించినవాడి మీద థియేటర్‌లో జాలి పుట్టింది.

మా వైపు మాటలో దాయాదులంటే పాలోళ్లు. గట్టు దగ్గర, బావి నీళ్ల దగ్గర, పెద్దాయన పోయాక పంపకాల దగ్గర పుట్టే పగకు ఉన్న ఘాటు వేరే ఏ పగకూ ఉండదని కోర్టు మెట్లెక్కిన ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతుంది. దుర్యోధనుడు గొప్ప విలన్ అయింది గద వల్ల కాదు, పాలోడు కావడం వల్ల. ఎదుటివాడు ఏ ఊళ్లో ఏ అన్నం తిని పెరిగాడో తెలిసినవాడి కోపం అది. ఈ తక్కెడలో పెడితే విలన్లు చాలామంది తేలిపోతారు.

గడ్డం, పీఠం, వజ్రం

నా లెక్కకు లొంగని వాడొకడున్నాడు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' నేపాళ మాంత్రికుడు. తోటరాముడికి అతను ఏమీ కాడు. దూరదేశం నుంచి వచ్చి, బలి ఇవ్వడానికి తెగువ ఉన్న కుర్రాణ్ణి వెతుక్కుంటున్న పరాయివాడు. అయినా డెబ్బై ఏళ్లు దాటి నిలిచాడు. కారణం సగం ఎస్వీ రంగారావు. ఆయన నటించిన తీరులో మాంత్రికుడు రాముణ్ణి శత్రువులా చూడడు, చేరదీసిన మేనమామలా డింభకా అని పిలుస్తాడు. లేని చుట్టరికాన్ని గొంతుతో కలుపుకున్నాడు. మిగతా సగం ఆ గడ్డం. అతని శక్తంతా అందులోనే ఉంది. రాముడి నేస్తం అంజిగాడు మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషంలో వచ్చి, తియ్యటి మాటలు చెప్పి, ఆ గడ్డాన్ని తీయించేస్తాడు. లోకాన్ని వణికించినవాడు మంగలికత్తికి లొంగాడు. దుర్యోధనుడి తొడ, వేడర్ ఊపిరి, మాంత్రికుడి గడ్డం. గుర్తుండిపోయిన విలన్లందరికీ ఒంటి మీద ఎక్కడో ఒక మెత్తటి చోటు ఉంది.

అదే దర్శకుడు కె.వి.రెడ్డి 1957లో 'మాయాబజార్' తీశాడు. సైన్స్ ఫిక్షన్ అనే మాట మన దగ్గర వాడుకలో లేని రోజుల్లో అందులో రెండు యంత్రాలున్నాయి. పెట్టె తెరిస్తే ప్రియమైనవాళ్లు కనిపించే ప్రియదర్శిని ఒకటి. ఎక్కి నిలబడితే అబద్ధం నోట రానివ్వని సత్యపీఠం రెండోది. శకునిగా వేసిన సీఎస్సార్ ఆ పీఠం ఎక్కి, తన కుట్రంతా తన నోటితోనే కక్కేస్తాడు. విలన్‌ని కత్తి దూయకుండా, చెంపదెబ్బ కూడా కొట్టకుండా ఓడించిన ఆ ముగింపుకు సాటి వచ్చేది నేను ఇంకా చూడలేదు. ఈ శకునికి 1966లో 'శ్రీకృష్ణపాండవీయం' ఇంకో ముఖం ఇచ్చింది. ధూళిపాళ చేసిన శకుని తన వాళ్లను చెరలో మాడ్చి చంపిన కౌరవుల మీదే పగ తీర్చుకోవడానికి వాళ్ల పంచన చేరాడు. మామ రూపంలో ఇంట్లోనే కూర్చున్న శత్రువు. పాలోడి కంటే ప్రమాదం.

'మాయాబజార్' సమయంలో కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ఆయన 1991లో 'ఆదిత్య 369' తీశాడు. కాలయంత్రంలో బాలకృష్ణ 1526కూ వెళ్లాడు, 2504కూ వెళ్లాడు. సినిమా నాకు ఎంత ఇష్టమైనా ఒక మాట చెప్పక తప్పదు, అందులో విలన్ పస లేనివాడు. రాజావర్మగా అమ్రీష్ పురి ఉన్నాడు. ముందు ఏడాదే 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మహాద్రష్టగా హడలగొట్టిన మనిషి. ఇక్కడ అతని కోరిక మ్యూజియంలోని వజ్రం కాజేయడం. పురాతన వస్తువులు పోగేసుకునే పిచ్చివాడికి హీరోతో ఏ బంధమూ లేదు. అందుకే ఆ సినిమా పేరు చెబితే రాయలవారి సభ గుర్తొస్తుంది, అణుయుద్ధం తర్వాత భూమి లోపల తలదాచుకున్న జనం గుర్తొస్తారు, రాజావర్మ మాత్రం ఆలోచిస్తే తప్ప రాడు.

సరిహద్దు ఊళ్లం కాబట్టి తమిళం నుంచి వచ్చినవాళ్లను వదిలేస్తే మా వాళ్లు ఊరుకోరు. 2010లో 'రోబో' చిట్టి ఈ తక్కెడలో బరువు తూగాడు. తయారుచేసినవాడి ముఖమే పెట్టుకుని, అతను ప్రేమించిన అమ్మాయినే కోరుకుని, ముక్కలై చెత్తకుప్పలో పడి, ఎర్ర చిప్‌తో తిరిగొచ్చిన కొడుకులాంటివాడు. చివర కోర్టు తీర్పు విని తన చేతులు తానే విప్పుకుంటుంటే నవ్వినవాడు లేడు. 2016లో '24' సినిమాలో ఆత్రేయ నేరుగా హీరో తండ్రికి కవల సోదరుడే. 2018లో '2.0' పక్షిరాజుకు పిచ్చుకల మీద ప్రేమ ఉంది, అతని బాధ నిజం. ఎవరి మీద పగ అంటే సెల్‌ఫోన్ వాడే అందరి మీదా. అందరి మీదా పగపట్టినవాడు ఎవరికీ శత్రువు కాలేడు.

కడుపు మీద యుద్ధం

ఇక 'కల్కి'. నాగ్ అశ్విన్ దర్శకుడు, అశ్వనీదత్ నిర్మాత, మార్గదర్శి స్థానంలో సింగీతం. అంటే కె.వి.రెడ్డి బడి మూడో తరం. 2024 జూన్ 27న విడుదలైంది.

పైన వేలాడే కాంప్లెక్స్, కింద ఎండిపోయిన కాశీ. కాంప్లెక్స్ గర్భంలో సుప్రీం యాస్కిన్. కమల్ హాసన్‌ని ఆ వేషంలో గుర్తుపట్టడానికి కొంతసేపు పడుతుంది, ముడతలు పడి ఎండిన కట్టెలా ఉన్నాడు. ఆడవాళ్ల గర్భాల నుంచి తీసిన సారం ఒక్క బొట్టు అందితే ఒంట్లో వయసు వెనక్కి మళ్లుతుంది. వేషం అమోఘం. కానీ అతను ఎవరి కొడుకు, ఎవరి అన్న, ఎవరి మీద మండిపడుతున్నాడు? మొదటి భాగంలో జవాబు లేదు. ఊపిరి ఉన్న ఆఫీసు భవనంలా కనిపిస్తాడు. అతని కింద పనిచేసే కమాండర్ మానస్‌కి కోపమైనా ఉంది, శాశ్వత ఛటర్జీ ఆ కోపాన్ని బాగా పలికించాడు.

అసలు సరుకు అశ్వత్థామ. అమితాబ్ బచ్చన్. మన భారతంలో అతను చేసినంత పాపం దుర్యోధనుడు కూడా చేయలేదు. నిద్రపోతున్నవాళ్లను చంపాడు, ఉత్తర కడుపులోని పిండం మీద అస్త్రం వేశాడు. చావు కూడా రాని శాపం తగిలింది. సినిమా సరిగ్గా అక్కడ అందుకుంది. పిండాన్ని చంపబోయినవాడు 6000 ఏళ్ల తర్వాత ఒక గర్భిణికి కాపలా. ఎదురుగా ఉన్నది గర్భాలను పిండుకుని బతుకుతున్న యాస్కిన్. పాత విలన్, కొత్త విలన్ ఒకే నేరానికి చెరో వైపు నిలబడ్డారు, ఒకడు చేసి కుమిలిపోతూ, ఒకడు రోజూ చేస్తూ. ఆ గర్భిణి సుమతి కడుపు మీద జరిగేది ఆ ఇద్దరి యుద్ధం. హీరో భైరవ చాలాసేపు కాంప్లెక్స్‌లోకి దూరడానికి యూనిట్లు పోగేసుకునే పనిలోనే ఉంటాడు. అతను పూర్వం కర్ణుడని చివర్లో తేలిస్తే హాలంతా ఈలలు. దుర్యోధనుడి పక్క నిలబడ్డవాడికి ఈలలు! 1977లో వేసిన విత్తనమే అది.

హాలీవుడ్ కూడా ఈ దారినే పోయింది, కాస్త తడబడుతూ. 2015లో వచ్చిన కైలో రెన్ తాత వేడర్ ముసుగును పూజించే మనవడు. తండ్రిని తన చేత్తో చంపి కుదురు లేక కుమిలిపోయాడు. ఆడమ్ డ్రైవర్ ముఖంలో ఆ కుర్రతనం, ఆ ఏడుపు చూస్తే వీడు మనింట్లో కూడా ఉండొచ్చనిపిస్తుంది. 2019కి వచ్చేసరికి కథకులకు ధైర్యం చాలలేదు. ఎప్పుడో చచ్చిన వేడర్ పాత దొర పాల్పటీన్‌ని తవ్వి తీశారు. అతన్ని నిలబెట్టడానికి కూడా నాయికను అతని మనవరాలిగా చెప్పాల్సొచ్చింది. చుట్టరికం ముందు నుంచీ పాకాన పడాలి, చివరి రీల్లో చల్లితే ఉప్పు కలవదు.

'కల్కి' రెండో భాగం ఇంకా రావాలి. మొదటి భాగం చివర యాస్కిన్ చేతికి గాండీవం వచ్చింది. అర్జునుడి విల్లు ముట్టుకునే హక్కు తనకు ఎక్కడిదో అతను చెప్పాలి. నాగ్ అశ్విన్‌కి నా మనవి ఒక్కటే. బాణాలు, భవనాలు ఎన్నైనా పెంచుకోండి. ఆ కాంప్లెక్స్ గుమ్మంలో నిలబడి, నా తాత వాటా ఏదీ అని యాస్కిన్‌ని అడిగేవాణ్ణి ఒకణ్ణి మాత్రం పంపించండి.