యువ వైద్య పరిశోధకులకు గురువు ఆవశ్యకత

"గురువుగారూ! మా అమ్మాయి వైద్యవిద్య పూర్తిచేసింది. ఆసుపత్రి పెట్టుకోమంటే పరిశోధన చేస్తానంటున్నది. దానిలో రాబడి ఏముంటుంది? సంబంధాలవారికి ఏమని చెప్పుకోవాలి?" అని విజయనగరంలోని మా వైద్యశాలకు వచ్చే తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. అజీర్ణానికి మందు చెప్పినంత సులభంగా దీనికి సమాధానం చెప్పలేము. రాబడి సంగతి తరువాత విచారించవచ్చును. అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఆ అమ్మాయికి గురువు ఎవరు?

పరిశోధన అనగా ఎట్టి పని?

మన ఉద్దానాన్నే ఉదాహరణగా తీసుకొందాం. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో కొబ్బరి, జీడితోటల నడుమ బ్రతికే రైతులు, కూలీలు మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. మధుమేహం, రక్తపోటు లేనివారికి సైతం ఇది వస్తున్నది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షింపగా సుమారు 18 శాతం మందిలో మూత్రపిండాల దీర్ఘవ్యాధి కనిపించింది. త్రాగునీరు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రల వాడకం మొదలైన అనేక కారణాలను అనుమానించారు గాని, ఇదమిత్థమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనాయి. భవనం లేచింది. అందులో కూర్చుని కారణాన్ని వెదకవలసిన యువకులు, యువతులు మాత్రం మనవంటి ఇండ్ల నుండే రావాలి.

ఆ పని ఎట్లుంటుందో చెబుతాను. రక్తంలో క్రియాటినిన్ ఒక్కసారి హెచ్చుగా ఉన్నంత మాత్రాన దీర్ఘవ్యాధి అని నిర్ణయించరాదు. నీరు చాలక, ఎండకు అలసి ఉన్నప్పుడు కూడా అది తాత్కాలికంగా పెరగవచ్చును. ఆ లోపం మూడు నెలలకు మించి నిలిచి ఉండాలి. కావున పరిశోధకుడు అదే ఊరికి, అదే ఇంటికి మరల వెళ్లవలెను. ఈలోగా కొందరు వలస పోతారు. కొందరు "మొన్న తీసిన రక్తం సంగతే చెప్పలేదు, మళ్లీ ఎందుకు వచ్చారు?" అని తలుపు వేస్తారు. ఆ తలుపు ముందు ఎట్లు నిలబడవలెనో ఏ పాఠ్యగ్రంథమూ చెప్పదు. వెంట నడిచి నేర్పే పెద్ద ఒకరు ఉండాలి.

శాస్త్రం ఏమి చెప్పింది?

చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఈ విషయం విపులంగా ఉన్నది. వైద్యవిద్య కోరినవాడు మొదట శాస్త్రాన్ని, పిదప ఆచార్యుని పరీక్షించవలెను. అటుపై ఆచార్యుడు శిష్యుని పరీక్షిస్తాడు. శిష్యుని పరీక్షించడం అందరికీ గుర్తున్నది. గురువును పరీక్షించే హక్కు శిష్యునికి ఉన్నదన్న మాట మాత్రం మరుగున పడింది.

జ్ఞానవృద్ధికి ఆ అధ్యాయం మూడు ఉపాయాలను చెబుతున్నది. అవి అధ్యయనం, అధ్యాపనం, తద్విద్యులతో సంభాష. సంభాష రెండు విధాలు. స్నేహభావంతో సాగేది సంధాయ సంభాష, గెలుపు కోరి సాగేది విగృహ్య సంభాష. ప్రశ్న వేసిన శిష్యునిపై కోపించని గురువు వద్దనే మొదటిది సాధ్యం. సుశ్రుతుడు శస్త్రకర్మను గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయలపై అభ్యసించి చేయి తిరిగిన పిమ్మటనే రోగిని తాకమన్నాడు. పరిశోధనకూ ఇదే క్రమం. చిన్న ప్రశ్నతో చేయి సాధన చేసిన తరువాతనే పెద్ద ప్రశ్నకు పోవలెను.

సుబ్బారావు గారి జీవితం

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించారు. సోదరుని స్ప్రూ అనే జీర్ణవ్యాధి బలిగొన్నది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతో, మామగారు సమకూర్చిన ధనంతో ఆయన అమెరికా వెళ్లారు. హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పనిచేసి, శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నేటికీ దానిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. గురువు పేరు ప్రక్కన శిష్యుని పేరు నిలిచింది.

1940లో లెడర్లీ సంస్థకు మారిన పిమ్మట శిష్యుడే గురువైనాడు. ఆయన ఆధ్వర్యంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుని కబళించిన స్ప్రూ చికిత్సకు అది ఉపయోగపడింది. బోదకాలుకు వాడే డి.ఇ.సి. మందు కూడా ఆ ప్రయోగశాలనుండే 1947లో వెలువడింది. 2004లో మొదలైన సామూహిక పంపిణీలో మన ఉత్తరాంధ్ర గడపలకు వచ్చిన మాత్రలు అవే. ఆనాడు ఆ మామగారు "రాబడి ఎంత?" అని మాత్రమే అడిగి ఊరుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

నా పొరపాటు

ఇతరులకు చెప్పేముందు నా తప్పు చెప్పుకోవడం ధర్మం. చాలా సంవత్సరాల క్రిందట ఆయుర్వేద పట్టభద్రుడైన ఒక యువకుడు నావద్ద చేరాడు. కీళ్లనొప్పులకు నేనిచ్చే కషాయం పుచ్చుకొన్నవారి పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాడు. ఒకనాడు "గురువుగారూ, తిరిగి రానివారందరికీ తగ్గిపోయిందని మనం అనుకొంటున్నాం. నేను సైకిలు మీద వెళ్లి అడిగాను. చాలామందికి తగ్గలేదండి. అంగడిలో నొప్పి మాత్రలు కొని మింగుతున్నారు" అన్నాడు.

"నాకే పాఠం చెబుతున్నావా?" అని గద్దించాను. అతడు మారుమాట లేక పుస్తకం బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. కొద్ది నెలలకే వైద్యం మాని వేరే ఉద్యోగంలో చేరాడు. ఉద్దానం వార్తలు వింటున్నప్పుడల్లా, నొప్పి మాత్రలు అతిగా వాడితే మూత్రపిండాలకు చేటని రోగులకు చెబుతున్నప్పుడల్లా నాకు ఆ పుస్తకం గుర్తుకు వస్తుంది. అతడు వేసినదే అసలైన పరిశోధకుని ప్రశ్న. మా గురువుగారు నాకు సంధాయ సంభాష నేర్పారు. నేను దానిని నా శిష్యునికి అందించలేకపోయాను.

గురువును పరీక్షించే విధం

1. శిష్యులు ఆయన మాటను కాదనగలుగుతున్నారా? పాత శిష్యులను అడిగి తెలుసుకొనవలెను.

2. ఫలించని చికిత్సను గురించి కూడా ఆయన వ్రాస్తున్నారా? ఫలించినవి మాత్రమే చెప్పేవారి వద్ద వ్యాపారం నేర్వవచ్చునేమో గాని పరిశోధన నేర్వలేము.

3. ప్రచురించిన వ్యాసాలలో శిష్యుల పేర్లు ఉన్నాయా? పని మొదలుపెట్టకముందే ఈ సంగతి మాట్లాడుకొనడం అవినయం కాదు.

4. వారానికి ఒక గంట అయినా కూర్చుని లెక్కలు, వ్రాతలు దిద్దే తీరిక ఆయనకు ఉన్నదా? కీర్తి గల గురువుకంటె తీరిక గల గురువు మేలు.

5. ఒక్కరితోనే సరిపుచ్చుకొనరాదు. రోగపరీక్షకు ఒకరు, గణాంకాలకు ఒకరు, కష్టసుఖాలు చెప్పుకొనడానికి ఒకరు అవసరం.

తల్లిదండ్రులు చేయదగినది

విద్యార్థి దశలోనే అభిరుచిని పరీక్షించుకొనే మార్గాలున్నాయి. భారత వైద్య పరిశోధనా మండలి వైద్యవిద్యార్థులకై 1979లో రెండు నెలల పరిశోధనా పథకాన్ని ప్రవేశపెట్టింది. కేంద్రీయ ఆయుర్వేద పరిశోధనా మండలి ఆయుర్వేద విద్యార్థులకై 2022లో స్పార్క్ అనే పథకాన్ని ప్రారంభించింది. కళాశాలలో విచారించి దరఖాస్తు చేయించండి. ఆ రెండు నెలలలో పిల్లలకు తమ మనసు తమకు తెలుస్తుంది.

రాబడి మొదట తక్కువే. కావున మూడు, నాలుగేండ్లు ఇంటి ఖర్చుల భారం వారిపై మోపకండి. తోటివారి సంపాదనతో పోల్చకండి. రాత్రి జాగరణ శరీరంలో రూక్షతను, వాతాన్ని పెంచుతుంది. వేళకు వేడి అన్నం, పలుచని మజ్జిగ, వారానికొకసారి నువ్వుల నూనెతో అభ్యంగనం, చాలినంత నిద్ర ఉండేటట్లు చూడండి. జ్ఞాపకశక్తికని అంగడి చూర్ణాలు కొనిపెట్టకండి. దిగులు, నిద్రలేమి కొన్ని వారాలపాటు వీడకపోతే వైద్యునికి తప్పక చూపించండి.

ఈసారి మీ అమ్మాయి పరిశోధన మాట ఎత్తినప్పుడు, "ఎవరివద్ద నేర్చుకొంటావమ్మా?" అని అడిగి, ఆమె చెప్పే పేరును ఇద్దరూ కలిసి విచారించండి. ఇక నావద్దకు ఎవరైనా నోటుపుస్తకంతో వస్తే, ముందుగా కుర్చీ చూపించి, తిరిగి రాని రోగుల సంగతి నేనే అడుగుతాను.