హీరోయిన్ కాలేదు, ఇల్లు మాత్రం నడిపారు: హైదరాబాద్ బిడ్డ షౌకత్ కైఫీ నటన కథ

'ఉమ్రావ్ జాన్'లో ఖానం గుర్తుందా? కొనుక్కొచ్చిన పిల్లకు ఆటా పాటా, అదబ్ అన్నీ నేర్పించి కోఠా నడిపే ఆవిడ. 'గరమ్ హవా'లో ఇల్లు చేజారిపోతుంటే భర్తను నిలదీసే జమీలా గుర్తుందా? 'బాజార్'లో హైదరాబాద్ పేదింటి అమ్మాయిలకు సంబంధాలు చూసిపెట్టే హజ్జన్ బీ? ఈ మూడు పాత్రలూ వేసింది ఒక్కరే, షౌకత్ కైఫీ. చాలామందికి ఆమె షబానా ఆజ్మీ అమ్మగానో, షాయర్ కైఫీ ఆజ్మీ బేగంగానో తెలుసు. కానీ ఆ రెండు పేర్లూ పక్కన పెట్టినా చెప్పుకోవాల్సిన నటన ఆమెది. పైగా ఆమె మన హైదరాబాద్‌లో పెరిగిన అమ్మాయి.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన పెద్ద అంబర్‌పేట్ దాటి విజయవాడ రోడ్డు మీద కాస్త ముందుకు వెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ. షూటింగుల మాట మన ఇళ్లలో కొత్త కాదు. కానీ ఇంట్లో పిల్ల "నేను యాక్టింగ్ నేర్చుకుంటా" అంటే దస్తర్‌ఖాన్ దగ్గర అందరూ చప్పున మౌనం అయిపోతారు. "మంచి ఇళ్ల ఆడపిల్లలు చేసే పనేనా అది?" అన్నది మొదటి ప్రశ్న. షౌకత్ కైఫీ జీవితం ఆ ప్రశ్నకు ఒక జవాబు.

ముషాయిరా నుంచి బొంబాయికి

1947లో హైదరాబాద్‌లో జరిగిన ఒక ముషాయిరాలో కైఫీ తన 'ఔరత్' నజ్మ్ చదివారు. ఆడది మగవాడి వెనక కాదు, పక్కన నడవాలన్నది దాని సారాంశం. వింటున్నవాళ్లలో షౌకత్ ఉన్నారు. పెళ్లంటూ చేసుకుంటే ఈయననే అని తీర్మానించుకున్నారు. ఇంట్లో చాలామందికి ఇష్టం లేదు. కైఫీ కమ్యూనిస్టు పార్టీ కోసం పూర్తికాలం పని చేసే మనిషి, ఆస్తి లేదు, ఉద్యోగం లేదు. అయితే షౌకత్ తండ్రి కోప్పడి తలుపులు మూయలేదు. కూతుర్ని తనే బొంబాయి తీసుకెళ్లారు. అక్కడి బతుకెలా ఉంటుందో కళ్లారా చూసి నిర్ణయించుకోమన్నారు. ఆమె చూసింది, ఒప్పుకుంది. అదే ఏడాది మేలో నిఖా జరిగింది.

నలభై రూపాయల ఇల్లు

ఇక్కడ లెక్క చూడాలి. పార్టీ కైఫీకి ఇచ్చేది నెలకు 40 రూపాయలు. ఆ తర్వాత చాలా ఏళ్లు వాళ్లున్నది రెడ్ ఫ్లాగ్ హాల్ అనే చోట. ఎనిమిది కుటుంబాలు, కుటుంబానికి ఒక గది, అందరికీ కలిపి ఒకటే బాత్రూమ్. మొదటి బాబు ఏడాది నిండకుండానే చనిపోయాడు. పార్టీ నాయకుడు పి.సి. జోషి ఒకసారి షౌకత్‌తో, కమ్యూనిస్టు భార్య ఊరికే కూర్చోకూడదు, పని చేయాలి అన్నారట. ఆమె దాన్ని మనసుకు తీసుకున్నారు. రేడియోలో గొంతు ఇచ్చారు, ఇప్టా నాటకాల్లో వేశారు. ఆ తర్వాత పృథ్వీ థియేటర్‌లో చేరారు.

పృథ్వీ థియేటర్ అంటే ఈనాటి జుహూ హాలు కాదు. 1944లో పృథ్వీరాజ్ కపూర్ పెట్టిన తిరిగే కంపెనీ. రైళ్లలో ఊరూరా తిరిగి నాటకాలు ఆడేది. 1960లో మూతపడేలోపు 2,600కు పైగా ప్రదర్శనలు ఇచ్చింది. నాటకం అయ్యాక పృథ్వీరాజ్ స్వయంగా గేటు దగ్గర జోలె పట్టి నిలబడి మంచి పనుల కోసం చందా అడిగేవారు. జొహ్రా సెహగల్ లాంటి నటి 14 ఏళ్లు పనిచేసింది అక్కడే.

షబానా 1950 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో పుట్టింది. నాలుగు నెలల పసిపాపను వీపుకు కట్టుకుని షౌకత్ రిహార్సల్స్‌కు వెళ్లేవారు, టూర్లకూ వెంట తీసుకెళ్లేవారు. తల్లి పనికి వెళ్లాలంటే పిల్లను ఎవరు చూస్తారన్న సమస్య మన ఇళ్లలో ఈరోజుకీ ఉంది. ఆమెకు ఆ పని వద్దనుకునే వీలు లేదు. ఇంటి ఖర్చు దాని మీదే ఆధారపడి ఉంది.

స్టేజీ ఏం నేర్పింది

సినిమాలో తప్పు పోతే ఇంకో టేక్ ఉంటుంది. స్టేజీ మీద ఉండదు. చిట్టచివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా మాట స్పష్టంగా వినపడాలి. అదే పాత్రను పదోసారి వేసినా మొదటిసారి వేసినట్టే ఉండాలి. దీనికోసం షౌకత్ ఇంట్లో కూడా పాత్రలోనే ఉండేవారు. 'పగ్లీ' అనే నాటకానికి సాధన చేస్తూ ధోబీతో కూడా పిచ్చిదానిలా మాట్లాడేసరికి చిన్నారి షబానా భయపడి ఏడ్చిందట. కైఫీ కూతుర్ని జుహూ ఒడ్డుకు తీసుకెళ్లి, అమ్మకు పిచ్చి పట్టలేదు, పని చేసుకుంటోంది, మనం సాయం చేయాలి అని నచ్చజెప్పారు. ఈ సంగతి షబానానే చెప్పుకొచ్చింది. భార్య పనిని పని అనుకునే భర్త ఉండడం కూడా ఆమె కెరీర్‌లో ఒక భాగమే.

యాభైకి దగ్గరపడ్డాక అసలు పాత్రలు

ఆమె గొప్ప పాత్రలన్నీ హీరోయిన్ వయసు దాటాకే వచ్చాయి. 1973లో కైఫీకి పక్షవాతం వచ్చి ఎడమ చేయి, కాలు దెబ్బతిన్నాయి. ఆ కాలంలోనే వచ్చింది ఎం.ఎస్. సత్యూ 'గరమ్ హవా'. దేశ విభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారి సలీం మీర్జా కుటుంబం ఉండాలా, పాకిస్తాన్ వెళ్లాలా అని నలిగిపోయే కథ. బలరాజ్ సాహ్నీ పక్కన జమీలాగా షౌకత్ ఎక్కడా అరిచి ఏడవరు. మన ఇళ్లలో అమ్మీలు భయాన్ని కోపంగా మార్చి మాట్లాడతారు చూడండి, అచ్చం అలాగే ఉంటుంది.

1981లో 'ఉమ్రావ్ జాన్'లో ఖానం. ఆ మరుసటి ఏడాదే సాగర్ సర్హదీ 'బాజార్'. గల్ఫ్ డబ్బున్న మగవాడికి హైదరాబాద్ పేదింటి అమ్మాయిని పెళ్లి పేరుతో అమ్మేయడం దాని కథ. షౌకత్ చేసిన హజ్జన్ బీ చూడడానికి రాక్షసిలా ఉండదు. ప్రతి మొహల్లాలో కనిపించే పెద్దావిడలాగే ఉంటుంది. ఆ పాత్రలో భయం పుట్టించేది అదే. సినిమా వచ్చిన తొమ్మిదేళ్లకు, 1991లో, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఏడుస్తున్న పదేళ్ల పాపను ఒక ఎయిర్ హోస్టెస్ గమనించి కాపాడింది. ఆ పాపను పెళ్లాడి తీసుకెళ్తున్నది ఒక సౌదీ వృద్ధుడు. 'బాజార్' చూపించింది కల్పన కాదని అప్పుడు దేశమంతా తెలుసుకుంది.

1988లో మీరా నాయర్ 'సలామ్ బాంబే!'లో కూడా ఆమె ఉన్నారు. 2002లో 'సాథియా'లోనూ కనిపించారు. తెలుగులో మనం 'సఖి'గా చూసిన కథే అది. అదే ఏడాది మేలో కైఫీ పోయారు. ఆ తర్వాత ఆమె ఉర్దూలో రాసిన జ్ఞాపకాలు 'యాద్ కీ రహగుజర్' ఆధారంగా జావేద్ అఖ్తర్ 'కైఫీ ఔర్ మై' నాటకం రాశారు. అందులో తల్లి మాటల్ని స్టేజీ మీద వినిపించింది షబానానే. 2019 నవంబర్ 22న ముంబైలో, 93వ ఏట, షౌకత్ కన్నుమూశారు.

మన ఇంటి ప్రశ్న

ఆమె కథ విని ప్రతి పిల్లనూ సినిమాల్లోకి పంపమని ఎవరూ అనరు. ఫీల్డులో మోసాలు ఉన్నాయి, అది నిజం. కానీ షౌకత్ తండ్రి చేసిన పని మనమూ చేయొచ్చు: వెంట వెళ్లి చూడడం. ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? పాత్ర ఏంటి? డబ్బు ఎంత, ఎప్పుడు, ఎవరి చేతికి ఇస్తారు? రాత్రి షూటింగ్ అయితే ఇంటికి ఎవరు చేరుస్తారు? ఏ ఉద్యోగానికైనా అడిగే ప్రశ్నలే ఇవి. జవాబులు బాగుంటే సరే అనొచ్చు, బాగోకపోతే వద్దనొచ్చు. అడగకుండా మౌనంగా ఉండిపోతే మాత్రం పిల్ల చెప్పకుండా వెళ్తుంది, లేదా చెప్పకుండానే ఆశ వదిలేస్తుంది.