మూసీ వెంట ఒక బాట కావాలి

చేవెళ్ల పేరు వింటే తెలుగువాళ్లకు నడక గుర్తొస్తుంది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇక్కడి నుంచే బయల్దేరి, మండుటెండల్లో ఇచ్ఛాపురం దాకా నడిచారు. పక్కనే మొయినాబాద్ మండలం చిలుకూరులో మరో రకం నడక రోజూ సాగుతుంది. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, అది తీరాక వచ్చి 108. నడకను పోరాటంగా, మొక్కుగా ఎరిగిన ఈ నేల మీద మూసీ నదిని చూసుకుంటూ రోజుల తరబడి సాగిపోవడానికి మాత్రం ఒక బాట లేదు. ఆ బాట ఉండాలి. ఉంటే గండిపేట జలాశయం నీళ్లకు అదే కాపలా అవుతుంది.

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో మూసీ పుడుతుంది. అక్కడి ఎర్రటి జేగురు రాయి వాననీటిని లోపలికి పీల్చుకుని, ఊటలుగా మెల్లగా వదులుతుంది. పైన అడవి ఉన్నంత కాలమే ఆ ఊట. అక్కడి నుంచి మూసీ నవాబుపేట, శంకర్‌పల్లి మండలాల మీదుగా తూర్పుకు పారి గండిపేటలో కలుస్తుంది. దక్షిణాన ఈసీ వాగు చేవెళ్ల ప్రాంతపు నీళ్లను పోగుచేసుకుని హిమాయత్‌సాగర్‌కు చేరుతుంది. ఈ రెండింటి నడుమ బీజాపూర్ రోడ్డు. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్ నగరాన్ని తుడిచిపెట్టాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఈ రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట అనేది ఈ ఉస్మాన్‌సాగర్‌నే.

నడకకు దసరా దాటాక బయల్దేరడం మేలు. అనంతగిరిలోని అనంతపద్మనాభస్వామి గుడి నుంచి దిగితే టేకు, మోదుగు, సీతాఫలం చెట్ల మధ్య దారి. గుట్టలు దిగాక అడవి పలచబడి పొలాలొస్తాయి. క్యారెట్, టమాటా, బంతి, చామంతి. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌసుల్లో జెర్బెరా, గులాబీ. నగరంలోని గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లవారకముందే కుప్పలు పడే పూలలో ఈ పొలాలవి ఎన్నో. చివర్లో మళ్లీ అడవి: చిలుకూరు మృగవని జాతీయ ఉద్యానవనం. విస్తీర్ణం 3.6 చదరపు కిలోమీటర్లే అయినా దుప్పులు, కణుజులు, నెమళ్లు ఉన్నాయి. దాన్ని దాటితే గండిపేట నీళ్లు.

స్కాట్లాండ్ పర్వతసీమలో ఇలాంటి దారిని 1981లోనే తెరిచారు. స్పే నది వెంట సాగే స్పేసైడ్ వే అది. అడవుల గుండా, సారాయి బట్టీల ఊళ్ల మీదుగా పోతుంది. అందులో చాలా భాగం రైళ్లు ఆగిపోయిన పాత పట్టాల కట్ట. కొత్తగా భూమి సేకరించడం కన్నా, ఉన్న దారినే కాళ్లకు అప్పగించడం తేలికైంది. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం, పంటకూ పశువుకూ నష్టం చేయకుండా చాలావరకు ప్రైవేటు భూముల మీదుగా కూడా నడిచే హక్కు అక్కడ అందరికీ ఉంది. గ్లాస్గో నగరం 1859 నుంచి తాగుతున్న లాక్ కాట్రిన్ సరస్సు ఒడ్డున కూడా జనం నడుస్తూనే ఉన్నారు.

మనకు పాత పట్టాలు లేవు గానీ నక్ష బాటలున్నాయి. ప్రతి ఊరి రెవెన్యూ నక్షలోనూ బండ్ల బాటలు గీసి ఉంటాయి. ఎడ్లబండ్లు తగ్గాయి, ట్రాక్టర్లు తారు రోడ్డెక్కాయి, వాడుక పోయిన బాటల మీదికి ఫాంహౌసుల ప్రహరీలు జరిగాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. నిన్నటి దాకా మేకలు తోలుకుపోయిన దారికి ఇవాళ ఇనుప గేటు అడ్డం. అటు ఎవరూ నడవకపోతే వాగు గట్టు ఎంత జరిగిందో, ఏ పైపు నుంచి మురుగు కలుస్తోందో ఎవరి కంట పడుతుంది?

జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను అడ్డుకుంటూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఆ ఆంక్షలు తొలగిస్తూ 2022 ఏప్రిల్లో జీవో 69 వచ్చింది. భూమి ధర పెరగాలనుకున్న రైతును నేను తప్పుపట్టను. నగరం తాగే నీళ్ల కోసం ఇన్నేళ్లు చేతులు కట్టుకు కూర్చున్నది ఆయనే. ఆయనకు నగరం తిరిగి ఇచ్చిందేమిటి? నడిచేవాళ్లు వస్తే ఊరి మహిళా సంఘం జొన్నరొట్టె పెట్టి నాలుగు రూపాయలు సంపాదిస్తుంది, రాత్రి బసకు ఊళ్లోని ఇళ్లే అక్కరకొస్తాయి. రిసార్టు గేటు లోపలికి పోయే డబ్బు ఊరికి చేరదు.

బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల విషయంలో జనం గట్టిగా నిలబడ్డారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణలో తొమ్మిది వందల పైచిలుకు మర్రులకు గండం వచ్చినప్పుడు, చెట్ల ప్రేమికులు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. చాలా చెట్లను ఉన్నచోటే ఉంచేలా, కొన్నింటిని తరలించేలా ప్రణాళిక మారింది. ఆ ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు పోయిన కుటుంబాలకు విస్తరణ కూడా న్యాయమైన కోరికే. మర్రులు రోజూ కళ్లెదుట ఉన్నాయి కాబట్టి వాటి కోసం గొంతులు లేచాయి. కానీ పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగే నాటికి, ఆ అడవిలో ఒక్కసారైనా నడిచిన నగరవాసులు ఎందరుంటారు?

మూసీ వెంట బాటకు పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. సిమెంటు బాటలు, గాజు వంతెనలు అసలే వద్దు. అటవీ శాఖ, రెవెన్యూ శాఖ, జలమండలి ఒకచోట కూర్చుని, పొలాలు తొక్కకుండా పోయే దారి ఎంచి, మలుపు మలుపునా రంగు వేసిన రాయి పాతితే చాలు. ముందుగా శంకర్‌పల్లి నుంచి చిలుకూరు దాకా, శని ఆదివారాల్లో నడిచి ముగించగలిగే భాగంతో మొదలుపెట్టవచ్చు. అక్కడి బండ్ల బాటల నక్షలు ఇప్పటికే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి.