బొమ్మలొద్దన్న ఊరే... చందాలేసుకుంది!

కళల పండగని ప్రారంభించాలంటే ఏం చేస్తారు? విలేకరుల్ని పిలుస్తారు. దాతల్ని ముందు వరసలో కూర్చోబెడతారు. రిబ్బను కత్తిరించి చప్పట్లు కొడతారు. జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరంలో మాత్రం అలాంటి పండగకి తిట్లతోనే శ్రీకారం చుట్టారు!

1970ల నాటి మాట. అమెరికన్ శిల్పి జార్జ్ రికీ చేసిన ఓ శిల్పాన్ని కొనాలనుకుంది నగరపాలక సంస్థ. గాలికి తిరిగే మూడు లోహపు చతురస్రాలు... అంతే. ఈ రేకులకోసం మా డబ్బు తగలేస్తారా అంటూ జనం భగ్గుమన్నారు. చివరికి ఓ బ్యాంకు దాన్ని కొని ఊరికి కానుకగా ఇచ్చింది.

తెలియనిదాన్ని తిట్టిపోయడం ఎక్కడైనా ఉన్నదే. అందుకే అక్కడి మ్యూజియానికి చెందిన క్లాస్ బుస్‌మన్ ఆధునిక శిల్పకళ గురించి ఊరివాళ్లకు ఉపన్యాసాలు ఏర్పాటుచేశారు. ఆయనకు కాస్పర్ కూనిగ్ తోడయ్యారు. తొమ్మిది మంది కళాకారుల్ని పిలిచి, ఊళ్లో నచ్చిన చోటు ఎంచుకుని దానికి తగ్గట్టు ఏదైనా చేయమన్నారు. అలా 1977లో మొదలైందే ‘స్కల్ప్చర్ ప్రాజెక్టె’. వీధులూ పార్కులూ చెరువుగట్టూ... అన్నీ ప్రదర్శనశాలలే!

నిమజ్జనం చేయబోయారు!

క్లాస్ ఓల్డెన్‌బర్గ్ అయితే ఊరునే బిలియర్డ్స్ బల్లగా ఊహించుకుని మూడు కాంక్రీటు బంతుల్ని చెరువు ఒడ్డున పెట్టారు. ఒక్కోటి మూడున్నర మీటర్ల వ్యాసం. విద్యార్థులు వాటిని నీళ్లలోకి దొర్లించాలని చూశారు కానీ బంతులు కదిలితేగా! ఇప్పుడవి ఊరికి గుర్తుగా మారిపోయాయి.

ఈ పండగ పదేళ్లకోసారే వస్తుంది. మైకేల్ ఆషర్ 1977 నుంచి 2007 వరకూ నాలుగుసార్లూ ఒకే రకం కారవాన్‌ని అవే చోట్ల, వారానికో చోట నిలిపారు. భవనాలు లేచి ఆ చోటు పోతే, ఆ వారం బండి షెడ్డులోనే. ఊరెంత మారిందో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి! ఇక, బ్రూస్ నౌమన్ 1977లో గీసిచ్చిన ప్రణాళిక నిజమవడానికి 2007 దాకా ఆగాల్సివచ్చింది.

2017లో ఐషే ఎర్క్‌మెన్ రేవులో నీటి అడుగున వంతెన కట్టారు. జనం పాదాలు తడుపుకుంటూ నీళ్లమీద నడిచినట్టే అటూ ఇటూ తిరిగారు. అదే ఏడాది నికోల్ ఐసెన్‌మన్ ఫౌంటెన్ బొమ్మల్ని మాత్రం గుర్తుతెలియనివాళ్లు ధ్వంసం చేశారు. కానీ ఈసారి ఊరు ఊరుకోలేదు. పౌరులే సంఘంగా ఏర్పడి విరాళాలు పోగుచేశారు. పండగ ముగిశాక ఆ ఫౌంటెన్‌కి అక్కడే శాశ్వతంగా చోటు దక్కింది.

ఒకప్పుడు బొమ్మల్ని చెరువులో తోయాలనుకున్న ఊరది. ఆ ఊరే మరో బొమ్మకోసం జేబు తడుముకుంది. నలభై ఏళ్లు పట్టినా, పండగ అసలు ప్రారంభోత్సవం అదేనేమో!