థెరపీ గంట ముగిశాక

ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి వారానికి రెండు మూడు గంటలు థెరపిస్టు దగ్గరికి తీసుకెళతారు. మిగతా వారమంతా వాడు ఉండేది అమ్మానాన్నల దగ్గర, నాయనమ్మ దగ్గర. ఆ సమయంలో ఏం చేయాలో వాళ్లకు నేర్పేదే తల్లిదండ్రుల బృంద శిక్షణ. కన్నీళ్లు తుడిచే సభ అనుకుని దూరంగా ఉండిపోయేవాళ్లు చాలామంది. ఓదార్పు దొరకదని కాదు, కానీ అక్కడ అసలు పని వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శిక్షణనే చూడండి. 2 నుంచి 9 ఏళ్ల పిల్లలున్న కుటుంబాల కోసం 9 బృంద సమావేశాలు, ఇంటికే వచ్చి చూసే సందర్శనలు 3. నిర్ధారణ కాగితం లేకపోయినా చేరవచ్చు. ఇది చిన్న విషయం కాదు. ఆ కాగితం కోసం తిరగడంలోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నడిపేవాళ్లు డాక్టర్లే కానక్కర్లేదు, శిక్షణ పొందిన తోటి తల్లయినా నడపవచ్చు.

ఏం నేర్పుతారు? పిల్లవాడు బొమ్మకారును తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చున్నాడనుకోండి. "అలా కాదురా, ఇలా నడపాలి" అని మనం లాక్కుంటాం. వాడు ఏడుస్తాడు, ఆట ముగుస్తుంది. శిక్షణలో చెప్పేది ఇంకోలా ఉంటుంది: ఎదురుగా, వాడి కళ్లకు సమానంగా కూర్చోండి. మీరూ ఓ చక్రం తిప్పండి. "తిరుగుతోంది" అని ఒక్క మాట అనండి. తర్వాత ఆగండి. వాడు మీ వైపు చూసినా, చెయ్యి చాచినా అదే జవాబు, వెంటనే అందుకోండి. ఇందులో కష్టమైంది ఆగడమే. ఐదు క్షణాలు ఊరుకోవడం మనకు చేతకాదు. అందుకే అక్కడ ఒకరు పిల్లవాడిగా, మరొకరు తల్లిగా నటించి సాధన చేస్తారు. చొక్కా తొడుక్కోవడం లాంటి పనుల్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం, అల్లరికి ముందు ఏం జరిగిందో గమనించడం కూడా ఇలాగే నేర్చుకుంటారు. ఇంట్లో కుదరనిది మరుసటి సమావేశంలో చెబితే, పక్కనున్నావిడ తన ఇంట్లో ఏం చేసిందో చెబుతుంది. పుస్తకంలో దొరకనిది అదే.

తల్లిదండ్రులకు నేర్పితే ఫలితం ఉంటుందా? గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. అక్కడ నేర్పింది బృందంలో కాదు, ఒక్కో కుటుంబానికి విడిగా. నేర్పినవాళ్లు స్పెషలిస్టులు కారు. అయినా తల్లిదండ్రులు స్పందించే తీరు మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

తల్లిదండ్రులకు నేర్పుతున్నారంటే తప్పు వాళ్లదని కాదు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని 1960ల్లో అమెరికాలో పేరున్నవాళ్లే రాశారు. ఆ మాట తప్పని 1964లో వాదించిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్, స్వయంగా ఆటిజం ఉన్న కొడుకు తండ్రి. మన ఇళ్లలో ఆ నింద ఇంకా కోడలి మీదే పడుతోంది. అందుకే ఈ సమావేశాలకు తల్లిని ఒక్కదాన్నే పంపడం నాకు సగం పనిగానే తోస్తుంది. తండ్రి, వీలైతే నాయనమ్మ కూడా కూర్చోవాలి.

తెలుగువాళ్లకు దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థలో అడిగి చూడవచ్చు. ఎక్కడ చేరినా ముందు రెండు సంగతులు కనుక్కోండి: సాధన చేయిస్తారా, ఉపన్యాసాలతో సరిపెడతారా? ఇంటికి వచ్చి చూస్తారా? ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామనేవాళ్ల దగ్గర మాత్రం డబ్బు కట్టకండి.